పీహెచ్‌డీ స్కాలర్‌కు సొంత ప్రణాళిక: ఫెలోషిప్ గడువు, గైడ్ సంతకం, మన ఫైలు

పీహెచ్‌డీలో చేరిన మొదటి వారంలో ఆఫీసు చుట్టూ తిరిగి మనం నింపే కాగితాలు తక్కువేం కాదు. ఫీజు చలానా, హాస్టల్ దరఖాస్తు, ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్, కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సులు మూడు సెట్లు. ఇన్నిటిలో ఒక్క కాగితం మాత్రం ఉండదు. రాబోయే ఐదారేళ్లలో ఎప్పుడు ఏం చేయాలి, డబ్బు ఎప్పుడు ఆగిపోతుంది, ఏం నేర్చుకోవాలి, పని ముందుకు కదలకపోతే ఎవరిని అడగాలి అని రాసుకున్న కాగితం అది. దాన్ని ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు. ప్రొఫెసర్ల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు దాని అవసరం పెద్దగా పడదు. సినాప్సిస్ ఎప్పుడు మొదలుపెట్టాలో, ఏ జర్నల్‌కు పంపాలో, ఏ సార్‌ను ఎలా కలవాలో వాళ్లు అన్నం తినే దగ్గరే విని ఉంటారు. ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయినప్పుడు ఆ మాటలన్నీ మనమే పోగుచేసుకుని రాసుకోవాలి.

ఆ కాగితం గురించే ఈ వ్యాసం. పీహెచ్‌డీలో ఉన్నవాళ్లకు, చేరబోతున్న ఎం.ఏ., ఎం.ఎస్సీ. విద్యార్థులకు, స్కాలర్ల తరఫున రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లే కార్యకర్తలకు పనికొస్తుందని రాస్తున్నాం.

పేరు ఎక్కడి నుంచి వచ్చింది

బ్రిటన్‌లో దీన్ని పర్సనల్ డెవలప్‌మెంట్ ప్లానింగ్ అంటారు, పొట్టిగా పీడీపీ. 1997లో డియరింగ్ కమిటీ తన నివేదికలో, ప్రతి విద్యార్థీ తాను ఏం నేర్చుకున్నదీ ఇంకా ఏం నేర్చుకోవాల్సిందీ నమోదు చేసుకునే పద్ధతి ఉండాలని చెప్పింది. 2002లో సర్ గారెత్ రాబర్ట్స్ నివేదిక సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధక విద్యార్థుల శిక్షణ మీద దృష్టి పెట్టింది. ఆ తర్వాత అక్కడ పీహెచ్‌డీ విద్యార్థులకు ఏటా కొన్ని రోజుల నైపుణ్య శిక్షణ, దానికి డబ్బు కేటాయింపు మామూలయ్యాయి. 2010లో వీటే అనే సంస్థ ఒక చట్రం తయారుచేసింది. పరిశోధకుడికి కావలసిన 63 లక్షణాలను నాలుగు భాగాలుగా పెట్టింది: విషయ పరిజ్ఞానం, వ్యక్తిగత సామర్థ్యం, పరిశోధన నిర్వహణ, సమాజంతో సంబంధం. ఏడాదికోసారి గైడ్‌తో కూర్చుని వీటిలో నేను ఎక్కడున్నాను, వచ్చే ఏడాదికి ఎక్కడికి రావాలి అని రాసుకోవడమే అక్కడి పీడీపీ.

మన యూజీసీ 2022 నవంబర్ 7న ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనల్లోనూ దీని ముక్కలు ఉన్నాయి. ఆరు నెలలకోసారి కమిటీ ముందు ప్రగతి నివేదిక, పరిశోధన నైతికత మీద కోర్సు, బోధన, రచన నైపుణ్యాల మీద శిక్షణ. ముక్కలున్నాయి కానీ వాటిని కలిపి ఒక మనిషి ఐదేళ్ల బతుకుగా చూసే పని మాత్రం స్కాలర్ మీదే పడింది.

ఇక్కడ ఒక అభ్యంతరం మాకూ ఉంది. వ్యక్తిత్వ వికాసం అనే మాట వింటేనే మనలో చాలామందికి చిరాకు. స్టేజీ ఎక్కి నువ్వు మారితే అంతా మారుతుంది అని చెప్పే కోచింగ్ సెంటర్ వక్తలు గుర్తొస్తారు. గైడ్ ఏడాదిపాటు అపాయింట్‌మెంట్ ఇవ్వకపోతే, ఫెలోషిప్ ఆరు నెలలు రాకపోతే, అది స్కాలర్ వ్యక్తిత్వ లోపం కాదు. ఎయిమ్స్‌లో కుల వివక్ష మీద 2007లో సుఖ్‌దేవ్ థోరట్ కమిటీ ఇచ్చిన నివేదిక చదివితే, వెనకబాటు అని సంస్థలు పిలిచేదానిలో ఎంత భాగం ఆ సంస్థలే తయారుచేస్తాయో తెలుస్తుంది. 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ చనిపోయాక, అతనికి అసలు గైడ్‌నే కేటాయించలేదన్న సంగతి అందరికీ తెలిసింది. ఏ సొంత ప్రణాళికా ఆ గైడ్‌ను తెచ్చిపెట్టేది కాదు.

అందుకే మేము చెప్పే ప్రణాళికలో రెండు వరుసలు ఉంటాయి. ఒకటి మనం చేయాల్సినవి. రెండోది సంస్థ మనకు చేయాల్సినవి, వాటి తేదీలు. బ్రిటన్ ఫారాల్లో మొదటి వరుస ఒక్కటే ఉంటుంది. మనకు రెండోది లేకపోతే మొదటిది వట్టి అపరాధ భావాన్నే మిగులుస్తుంది.

1917లో ఆగిపోయిన ఒక పరిశోధన

అంబేడ్కర్ చదువు గురించి సభల్లో డిగ్రీల వరుస చెబుతారు. పరిశోధక విద్యార్థిగా ఆయన ఎదుర్కొన్న లెక్కలు చాలా తక్కువమంది చెబుతారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద 1913లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. బదులుగా చదువు అయ్యాక సంస్థానంలో పనిచేయాలన్న ఒప్పందం. 1915లో ఎం.ఏ. పూర్తిచేసి, 1916లో లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసింది, పని సగంలో ఉండగా వెనక్కి రావాల్సి వచ్చింది.

వెళ్లే ముందు ఆయన చేసిన పని గమనించండి. నాలుగేళ్లలోపు తిరిగి వచ్చి చదువు కొనసాగించడానికి లండన్ యూనివర్సిటీ నుంచి అనుమతి తీసుకున్నారు. పుస్తకాలు వేరే ఓడలో పంపితే యుద్ధంలో ఆ ఓడ మునిగిపోయింది. బరోడాలో ఉద్యోగానికి వెళితే ఉండటానికి ఇల్లు దొరకలేదు. బొంబాయి సిడెనహామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరి జీతంలో కూడబెట్టారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నావల్ భతేనా దగ్గర అప్పు కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. అంటే ఆ నాలుగేళ్ల గడువు దాటకుండా. 1921లో ఎం.ఎస్సీ. వచ్చింది. రూపాయి సమస్య మీద రాసిన డీఎస్సీ సిద్ధాంత గ్రంథాన్ని సవరించమంటే, బొంబాయి నుంచే సవరించి పంపి 1923లో పట్టా పొందారు. కొలంబియా పీహెచ్‌డీ అయితే, ఆ గ్రంథం 1925లో అచ్చయ్యాక, 1927లో అధికారికంగా వచ్చింది.

నాలుగేళ్ల అనుమతి అనే ఆ ఒక్క కాగితం లేకపోతే తర్వాత జరిగిన వాటిలో చాలా భాగం ఉండేది కాదు. మేము మా గది గోడకు బాబాసాహెబ్ ఫొటో పక్కన రిజిస్ట్రేషన్ గడువు తేదీ రాసి అంటించుకున్నది ఇది చదివాకే.

రెండు గడియారాలు

ప్రతి స్కాలర్ దగ్గర రెండు గడియారాలు తిరుగుతుంటాయి. ఒకటి రిజిస్ట్రేషన్‌ది. 2022 నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్ ద్వారా మరో రెండేళ్లు ఇవ్వవచ్చు, మొత్తం ఎనిమిది దాటకూడదు. మహిళలకు, 40 శాతం పైబడి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు కలుపుతారు, మొత్తం పదేళ్లు. మహిళా స్కాలర్లకు మొత్తం చదువులో ఒకసారి 240 రోజుల వరకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు ఉంది. పెళ్లివల్ల గానీ వేరే కారణంవల్ల గానీ ఊరు మారాల్సి వస్తే, పరిశోధన డేటాను కొత్త సంస్థకు బదిలీ చేసుకునే వీలు కూడా మహిళలకు ఉంది. పెళ్లితో పీహెచ్‌డీ ఆగిపోయిన మన అక్కాచెల్లెళ్లలో ఎంతమందికి ఈ వీలు ఉందని ఎవరైనా చెప్పారో!

రెండో గడియారం ఫెలోషిప్‌ది. ఇది ముందే ఆగిపోతుంది. షెడ్యూల్డ్ కులాల జాతీయ ఫెలోషిప్ (2005-06లో రాజీవ్‌గాంధీ ఫెలోషిప్ పేరుతో మొదలైంది) జేఆర్ఎఫ్‌గా రెండేళ్లు, ఎస్ఆర్ఎఫ్‌గా మూడేళ్లు, మొత్తం ఐదేళ్లు లేదా థీసిస్ సమర్పించే వరకు, ఏది ముందైతే అది. 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ అయ్యాక 42,000. జేఆర్ఎఫ్ నుంచి ఎస్ఆర్ఎఫ్‌కు మారడం దానంతట అది జరగదు. రెండేళ్ల చివర పని మీద మదింపు జరగాలి, కాగితం పైకి వెళ్లాలి. ఆ కాగితం డిపార్ట్‌మెంట్‌లో ఎవరి టేబుల్ మీదనో పడి ఉన్నన్నాళ్లు నెలకు ఐదు వేలు తక్కువ వస్తుంది, లేదా మొత్తమే ఆగుతుంది.

ఇప్పుడు రెండు గడియారాలను పక్కపక్కన పెట్టి వెనక నుంచి లెక్క వేయాలి. థీసిస్ ఇచ్చిన రోజు నుంచి ఫెలోషిప్ రాదు. పరీక్షకుల నివేదికలు, వైవాతో సహా మొత్తం ప్రక్రియ ఆరు నెలల్లో పూర్తి కావాలని నిబంధన. చాలాచోట్ల అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాబట్టి కనీసం ఆరు నెలలు ఆదాయం లేని కాలం ప్రతి స్కాలర్‌కూ రాసిపెట్టి ఉంది. ఐదో ఏడాది చివర థీసిస్ ఇవ్వాలంటే ప్రీ-సబ్మిషన్ సెమినార్ నాలుగున్నరేళ్లకు. దానికి మొత్తం డ్రాఫ్టు గైడ్ చేతిలో నాలుగేళ్లు దాటుతుండగా ఉండాలి. అంటే ఫీల్డ్‌వర్క్ మూడో ఏడాది దాటకూడదు. మొదటి ఏడాది కోర్స్‌వర్క్‌లోనే పోతుంది. కాగితం మీద ఐదేళ్లు కనిపించిన చోట, రాయడానికీ తిరగడానికీ నిజంగా దొరికేది మూడేళ్లకు కాస్త పైన.

ఈ లెక్క చేరిన నెలలోనే వేయాలి. మేము వేసింది మూడో ఏడాదిలో. అప్పటికే ఒక ఏడాది టాపిక్ మార్పుల్లో కరిగిపోయింది.

డబ్బు గురించి సిగ్గుపడకుండా

రోహిత్ వేముల 2016 జనవరి 17న వదిలి వెళ్లిన ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ బకాయి, లక్షా డెబ్బై ఐదు వేల రూపాయల లెక్క ఉంది. ఆ ఉత్తరం గురించి ఎన్నో సభలు జరిగాయి. ఆ లెక్క గురించి జరిగినవి తక్కువ. ఇప్పటి రేటులో ఏడు నెలలంటే 2,59,000.

ఫెలోషిప్ మన చేతికి వచ్చేసరికి అది ఒక్కరి డబ్బుగా ఉండదు. చెల్లి ఫీజు, నాన్న మందులు, ఇంటి పైకప్పు రేకులు, అన్నీ అందులోనే. ఇది తప్పని మేము చెప్పం. ఇంటికి పంపవద్దని సలహా ఇచ్చేవాళ్లకు మన ఇళ్లు తెలియవు. అయితే ప్రణాళికలో ఇంటికి పంపే మొత్తం ఒక అంకెగా రాసి ఉండాలి. ఏ నెలకానెల అడిగినంత పంపితే, బకాయిలు పడిన నెలలో మెస్ బిల్లుకే అప్పు చేయాల్సి వస్తుంది. బకాయి మొత్తం ఒకేసారి పడ్డప్పుడు మూడు నెలల మెస్ ఖర్చు పక్కన పెట్టి మిగతాది పంచడం మా హాస్టల్‌లో కొంతమంది అలవాటు చేసుకున్నారు. మా సీనియర్ అక్క ఒకామె దానికి పెట్టిన పేరు కరువు డబ్బా. నిజంగానే డబ్బా మీద రాసి పెట్టుకుంది.

కంటింజెన్సీ సంగతి చాలామంది పట్టించుకోరు. హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌లో మొదటి రెండేళ్లు ఏటా 10,000, తర్వాత 20,500. సైన్సుల్లో 12,000, తర్వాత 25,000. పుస్తకాలు, ఫీల్డ్‌వర్క్ ప్రయాణం, జిరాక్సు, టైపింగ్ ఖర్చులకు ఇది. బిల్లు లేకపోతే రాదు. పల్లెలో ఆటోవాళ్లు బిల్లు ఇవ్వరు కాబట్టి, వోచర్ ఏ నమూనాలో రాస్తే ఒప్పుకుంటారో ఫీల్డ్‌కు వెళ్లక ముందే అకౌంట్స్ సెక్షన్‌లో అడిగి రాసుకోవాలి. హాస్టల్‌లో గది ఉంటే ఇంటి అద్దె భత్యం రాదు, బయట ఉంటే వస్తుంది. హాస్టల్ నుంచి బయటికి మారిన నెలలోనే ఆ మార్పు రాతపూర్వకంగా తెలపాలి.

గైడ్‌తో పని

పీహెచ్‌డీలో అన్నిటికన్నా బరువైన భాగం ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తున్నాం.

ముందు ఎవరి దగ్గర చేరుతున్నామన్నది. నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని తీసుకోవచ్చు. రిటైర్‌మెంట్‌కు మూడేళ్లకన్నా తక్కువ సర్వీసు ఉన్నవారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. సార్ నా దగ్గర ఖాళీ లేదు అన్నప్పుడు అది నిజమో కాదో తెలుసుకునే హక్కు మనకుంది. మన టాపిక్ కులం మీద అయితే, ఆ సార్ గతంలో చేయించిన థీసిస్‌లు శోధగంగలో చూడండి. ఎన్నేళ్లకు పూర్తయ్యాయి, ఎవరెవరివి పూర్తయ్యాయి అన్నది అక్కడే తెలుస్తుంది. సీనియర్లను కూడా అడగండి. పూర్తి చేసినవాళ్లను అడిగితే సగమే తెలుస్తుంది, మధ్యలో మానేసినవాళ్లను కూడా వెతికి అడగండి.

తర్వాత సమావేశాలు. మన పిల్లల్లో చాలామందికి గైడ్ గది తలుపు తట్టడమే ఒక పరీక్ష. ఊళ్లో పెద్దవాళ్ల గడప ముందు నిలబడ్డ జ్ఞాపకం కాళ్లలో ఉంటుంది. బయటే అరగంట నిలబడి, సార్ బిజీగా ఉన్నారు అనుకుని వెనక్కి వచ్చిన రోజులు మాకూ ఉన్నాయి. దీనికి ధైర్యం తెచ్చుకోండి అనే సలహా పనిచేయదు. తేదీ పనిచేస్తుంది. నెలకో రోజు, ఫలానా వారం ఫలానా గంట అని మొదటి సెమిస్టర్‌లోనే మాట్లాడి పెట్టుకుంటే, ప్రతిసారీ అనుమతి అడిగే పని తప్పుతుంది. వెళ్లేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి, రెండు పేజీలైనా సరే. రాసిందేమీ లేకుండా వెళితే మాటలు టాపిక్ మీంచి మన మీదికి మళ్లుతాయి.

వచ్చిన సాయంత్రమే ఒక ఈమెయిల్ పంపండి. "నమస్కారం సార్, ఈ రోజు మీరు రెండో అధ్యాయంలో ఈ మార్పులు చెప్పారు. వచ్చే నెల 10వ తేదీకి సవరించి ఇస్తాను. ఫీల్డ్‌వర్క్ లేఖ మీద సంతకం వచ్చే వారం చేస్తామన్నారు." ఇంతే, మూడు వాక్యాలు, మర్యాదగా. దానికి జవాబు రాకపోయినా ఫర్వాలేదు. రెండేళ్ల తర్వాత స్కాలర్ కలవడమే లేదు అని కమిటీలో ఎవరైనా అంటే, ఇరవై నాలుగు ఈమెయిళ్లు మాట్లాడతాయి. నిజం చెప్పాలంటే గొడవల కన్నా పనికే ఇది ఎక్కువ ఉపయోగపడింది. మేము చెప్పింది మాకే గుర్తుండేది కాదు.

ఆరు నెలలకోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ (కొన్ని యూనివర్సిటీల్లో డాక్టరల్ కమిటీ అంటారు) ముందు ప్రగతి చెప్పాలి. పని సంతృప్తికరంగా లేదని కమిటీ అంటే, కారణాలు నమోదు చేయాలి, సరిదిద్దుకునే మార్గాలు సూచించాలి. వాటిని స్కాలర్ పాటించకపోతేనే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫార్సు చేయవచ్చు. ఈ వరుస ముఖ్యం. కారణాలు రాయకుండా, మార్గాలు చూపకుండా నేరుగా రద్దు మాట ఎత్తితే అది నిబంధనకు విరుద్ధం. మాకు జరిగింది చెబుతాం. రెండు సమావేశాలు బాగానే జరిగాయి, అందరూ తలూపారు, టీ తాగి వెళ్లిపోయారు. ఏడాది తర్వాత ఫెలోషిప్ కొనసాగింపు కోసం ఆ మినిట్స్ కావాల్సి వస్తే, ఒక సమావేశానికి అసలు మినిట్సే లేవు. సంతకాల కోసం నాలుగు నెలలు తిరిగాం, ఒక సభ్యుడు అప్పటికి వేరే ఊరికి బదిలీ అయ్యారు. అప్పటి నుంచి మినిట్స్ మేమే టైపు చేసి తీసుకెళ్లి, టీ రాకముందే సంతకాలు పెట్టించుకుంటున్నాం.

ఏం నేర్చుకోవాలి

కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, 55 శాతం మార్కులు రావాలి. ఎం.ఏ. అర్హతలో ఎస్సీ, ఎస్టీలకు ఐదు శాతం సడలింపు ఉంది కదా అని ఇక్కడా ఉంటుందనుకుని దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్ చూసుకోండి.

ఇంగ్లిష్ గురించి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు ఇది ఇప్పటికీ గొంతులో ముల్లే. మా అనుభవంలో మాట్లాడటం, చదవడం, రాయడం మూడూ వేర్వేరు పనులు, మూడింటికీ వేర్వేరు గడువులు పెట్టుకోవాలి. చదవడం మొదటి ఏడాదిలోనే కుదురుతుంది, రోజుకు ఒక వ్యాసం చొప్పున మన రంగంలోవే చదివితే అవే మాటలు మళ్లీమళ్లీ వస్తాయి. రాయడానికి రెండేళ్లు ఇవ్వండి. అధ్యాయం తొలి డ్రాఫ్టు తెలుగులో రాసుకుంటే తప్పేం లేదు. ఆలోచన తెగకుండా ఉంటుంది. కానీ దాన్ని యంత్రంతో అనువదించి అలాగే ఇస్తే గైడ్‌కు రెండో పేజీలోనే తెలిసిపోతుంది. సెమినార్లలో మాట్లాడటం చివరికి వస్తుంది, రాకపోయినా డిగ్రీ వస్తుంది. ఇద్దరు ముగ్గురు స్కాలర్లు కలిసి వారానికోసారి ఒకరి డ్రాఫ్టు ఇంకొకరు చదివే అలవాటు ఏ వర్క్‌షాప్ కన్నా ఎక్కువ నేర్పింది.

కాపీ విషయంలో జాగ్రత్త. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 వరకు ఉంటే సవరించి మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు థీసిస్ ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మన దగ్గర ఇది చాలావరకు దొంగతనం వల్ల జరగదు. నోట్సు రాసుకునేటప్పుడు ఏది పుస్తకం మాట, ఏది మన మాట అన్నది కలిసిపోవడం వల్ల జరుగుతుంది. పుస్తకంలోని వాక్యాన్ని వేరే రంగు ఇంకుతో రాయడం, పేజీ నంబరు వెంటనే వేయడం మొదటి రోజు నుంచి చేయాలి. జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు.

ప్రచురణలు పీహెచ్‌డీ సమర్పణకు తప్పనిసరి అన్న షరతును 2022 నిబంధనల్లో తీసేశారు. అయినా మీ యూనివర్సిటీ అడగవచ్చు, ఉద్యోగంలో ఎలాగూ అడుగుతారు. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే జర్నళ్లకు మన పిల్లలు పెట్టిన ఫెలోషిప్ డబ్బు తలుచుకుంటే బాధేస్తుంది. అయిదు అలాంటివి వేసేకన్నా రెండేళ్లకు ఒక మంచి వ్యాసం మేలు.

ఉద్యమం, ఇల్లు, ఒళ్లు

క్యాంపస్‌లో దళిత స్కాలర్ స్కాలర్‌గా మాత్రమే ఉండలేడు. హాస్టల్ సమస్య వస్తే మన దగ్గరికే వస్తారు, ఎక్కడో దాడి జరిగితే నిజనిర్ధారణకు మనమే వెళ్తాం, ఏప్రిల్ 14 పని ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. వీటిని మానేయమని చెప్పే సలహాదారులు చాలామంది. మేము ఆ మాట చెప్పం, మేమే మానలేదు. ప్రణాళికలో వాటికి చోటు పెట్టాలని మాత్రం చెబుతాం. ఏడాదిలో ఏ నెలలు సంఘం పనికి పోతాయో ముందే తెలుసు. ఆ నెలల్లో అధ్యాయం పూర్తిచేస్తామని రాసుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడం. సంఘాలు కూడా ఒక పని చేయవచ్చు. నాలుగో ఏడాది దాటిన స్కాలర్‌కు బాధ్యతలు ఇవ్వకూడదని నియమం పెట్టుకోవాలి. తమ్ముళ్లు చెల్లెళ్లు ఎదిగేది కూడా అప్పుడే.

పండక్కి ఇంటికి వెళితే ఇంకెన్నేళ్లురా ఈ చదువు అని అడుగుతారు. మా అమ్మకు ఐదు గళ్ల కాగితం గీసి చూపించాం, ఇదిగో ఇక్కడున్నాను అని. ఇప్పుడు చుట్టాలకు ఆమే చెబుతోంది, ఇంకా గడిన్నర ఉందని.

నిద్ర పట్టని రాత్రులు వరుసగా వస్తే దాన్ని బద్ధకం అనుకోవద్దు. హెల్త్ సెంటర్‌లో కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం ఇష్టం లేకపోతే టెలి మానస్ 14416 నంబరు రోజంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు. గదిలో తోడున్న స్నేహితుడికి ఈ నంబరు తెలిసి ఉండటం ఇంకా మంచిది.

పని ఆగినప్పుడు

ప్రణాళిక రెండో వరుసలో, అంటే సంస్థ చేయాల్సిన వాటిలో, ఒకటి ఆగితే ఎవరిని అడగాలో కూడా అక్కడే రాసుకోవాలి. ముందు గైడ్‌కు, తర్వాత హెడ్‌కు, తర్వాత డీన్‌కు, ప్రతిదీ రాతపూర్వకంగా, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలని, ఆ తర్వాత అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చని అందులో ఉంది. కుల వివక్ష అయితే ఎస్సీ, ఎస్టీ సెల్, సమాన అవకాశాల సెల్ ఉన్నాయి. 2012 సమానత్వ నిబంధనలు వివక్ష నిరోధక అధికారిని కూడా పెట్టమన్నాయి. మీ యూనివర్సిటీలో ఆ అధికారి ఎవరో, గది ఎక్కడో గొడవ లేని రోజుల్లోనే కనుక్కోండి. ఫెలోషిప్ ఫైలు ఎక్కడ ఆగిందో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు చాలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మా స్నేహితుడి ఫైలు దరఖాస్తు వేసిన పదో రోజుకే కదిలింది. జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు.

ఇవన్నీ పెట్టుకోవడానికి ఒక బాక్స్ ఫైలు, ఒక పాత డైరీ సరిపోతాయి. మొదటి పేజీలో రెండు గడువు తేదీలు. తర్వాత సెమిస్టర్‌కు రెండు పేజీలు, ఎడమ పక్క మనం చేయాల్సినవి, కుడి పక్క వాళ్లు చేయాల్సినవి. కమిటీ సమావేశానికి పది రోజుల ముందు తీసి, జరిగినవి కొట్టేసి, జరగనివి తర్వాతి పేజీకి ఎక్కించాలి. మూడుసార్లు వరుసగా ఎక్కించిన పని ఏదైనా ఉంటే, అది మన వల్ల ఆగిందా, కుడి పక్క వాళ్ల వల్ల ఆగిందా అని ఒక సీనియర్‌తో కూర్చుని చూడాలి. అన్నిటికీ స్కాన్ తీసి ఈమెయిల్‌లో ఒక కాపీ ఉంచుకోండి. మా హాస్టల్‌లో వాన కురిస్తే పై అంతస్తు గదులన్నీ కారతాయి.